కైంకర్యం నడిచే దారి

భగవత్సన్నిధిలో జరిగే ప్రతి పనినీ మనం కైంకర్యమనే పిలుస్తాము. గర్భాలయంలో దీపం వెలిగించడమూ కైంకర్యమే, వంటశాలలో బియ్యం కడగడమూ కైంకర్యమే. అయితే ఆ పని ఒకరి చేతి నుండి మరొకరి చేతికి ఏ విధంగా చేరుతున్నదో మొదటి నుండి చివరి వరకు చూసినవారు మాత్రం చాలా ఆలయాలలో ఉండరు. అర్చకస్వామికి సన్నిధి తెలుసు. గుమాస్తాకు పుస్తకం తెలుసు. వంటస్వామికి గాడిపొయ్యి తెలుసు. ఎవరి భాగం వారికి కంఠస్థమే గాని, మొత్తం దారి ఎవరికీ తెలియదు. ఆ దారిని ఒక కాగితంపై గీసి చూడడాన్ని కర్మాగారాలలో ‘ప్రాసెస్ మ్యాపింగ్’ అంటారు. ఏదైనా పనిని బాగుచేయ సంకల్పించినప్పుడు అంతకంటె ముందు చేయవలసిన పని ఇదేనని నేను ఎందుకు నమ్ముతున్నానో ఈ వ్యాసంలో విన్నవిస్తాను.

సత్యవేడు పరిసరాలలోని ఒక ఆలయంలో 2025 జూలై 29న, శ్రావణ శుద్ధ పంచమినాడు, ఒక కుటుంబం చెన్నై నుండి వచ్చింది. దివంగతురాలైన తల్లి పేరిట వారు శాశ్వత అన్నదానానికి ద్రవ్యం సమర్పించి ఎన్నో ఏండ్లయింది. ఏటా ఆమె తిథినాడు వచ్చి, సంకల్పంలో తల్లి గోత్రనామాలు విని, పంక్తిలో కూర్చుని భోజనం చేసి వెళ్ళడం వారి ఆనవాయితీ. ఆనాడు సంకల్పం ముగిసింది. తల్లి పేరు వినబడలేదు. పెద్దకుమారునికి డెబ్బై ఏండ్లు దాటి ఉంటాయి. ఆయన కోపగించలేదు. అర్చకస్వామి దగ్గరకు వెళ్ళి, “స్వామీ, మా అమ్మ పేరు చదవలేదే?” అని మాత్రం అడిగాడు. స్వామి చేతిలోని చీటీలో ఆ పేరు లేదు. వెతకగా తేలినదేమంటే, ఆ పేరును జూన్ 30వ తేదీన, ఆషాఢ శుద్ధ పంచమినాడే చదివేశారు. ఆనాడు వినడానికి ఆ కుటుంబంవారు ఎవరూ లేరు.

అర్చకస్వామి వెంటనే మరల సంకల్పం చెప్పి ఆ లోటును తీర్చారు. కాని ఆ సాయంత్రం ధర్మకర్తల మండలి సమావేశంలో రెండు మాటలు వచ్చాయి. ఆ సంవత్సరపు జాబితా వ్రాసిన కుర్రవాడిని తొలగించాలన్నది ఒకటి. ఈ పుస్తకాల గొడవే లేకుండా కంప్యూటరు ప్రోగ్రాము కొనాలన్నది మరొకటి. ఒక దాత ప్రోగ్రాముకయ్యే ఖర్చును భరించడానికి కూడా ముందుకు వచ్చారు. కర్మాగారంలో నాణ్యతా విభాగంలో పనిచేసిన అనుభవం నాకుండడంవల్ల ఏ ప్రోగ్రాము మంచిదో చెప్పమని నన్ను పిలిచారు. రెండు నిర్ణయాలనూ పదిహేను రోజులు ఆపమని నేను కోరాను. కొందరికి అది నచ్చలేదు. చేయవలసినది స్పష్టంగా కనబడుతుంటే ఈ బొమ్మలు గీయడమెందుకని ఒకరు అడిగారు. ఆ ప్రశ్న సహజమైనదే.

ఈ బొమ్మలకు నూరేండ్ల చరిత్ర ఉన్నది. అమెరికాలో ఫ్రాంక్ గిల్బ్రెత్ అనే ఆయన తాపీపనివానిగా జీవితం ప్రారంభించాడు. ఒక్కొక్క మేస్త్రీ ఇటుకను ఒక్కొక్క విధంగా పేర్చడం గమనించి, ఇటుకకు పద్దెనిమిదిగా ఉన్న కదలికలను ఐదుకు తగ్గించాడు. ఆయన భార్య లిలియన్ మనస్తత్త్వ శాస్త్రవేత్త. ఆ దంపతులు 1921లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఎదుట ‘ప్రాసెస్ చార్టుల’ను గురించి ఒక పత్రం సమర్పించారు. ఒక పని నడిచే తీరును చిన్న చిన్న గుర్తులతో కాగితంపై చూపవచ్చునన్నది దాని సారాంశం. ఆ గుర్తులను 1947లో అదే సంఘం ప్రామాణికం చేసింది. పని జరిగేచోట వృత్తం, ఒక చోటి నుండి మరొక చోటికి కదిలితే బాణం, సరిచూస్తే చతురస్రం, నిలిపి ఉంచితే త్రిభుజం, ఊరక వేచి ఉంటే ఇంగ్లీషు ‘డి’ అక్షరం. ఇంతే. మన సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలలో విస్తరించిన శ్రీసిటీ కర్మాగారాలలో పనిచేసే మన పిల్లలకు ఇటువంటి పటాలు కొత్తవి కావు. ఇంట్లో వారినడిగితే ఈ వ్యాసంకంటె చక్కగా చెప్పగలరు.

గుర్తులు నేర్చుకోవడం తేలిక, నిజం గీయడం కష్టం. పని ఎలా జరగాలో చెప్పమంటే అందరూ చెబుతారు. ఎలా జరుగుతున్నదో చెప్పేవారు అరుదు. కార్యాలయంలో కూర్చుని అడిగితే నిబంధనల పుస్తకంలో ఉన్నదే వినబడుతుంది. అందుచేత కాగితం పట్టుకొని పని వెంట నడవాలి. జపానులోని టొయోటా సంస్థవారు దీనిని ఒక నియమంగానే పెట్టుకొన్నారు: అక్కడికి వెళ్ళి, ఆ వస్తువును కళ్ళారా చూడకుండా తీర్పు చెప్పరాదు. నేను కూడా ఒక రసీదు వెంట నడిచాను. ప్రసాదం పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితాన్ని బారుగా పరచి, కార్యాలయం గోడకు అతికించి, పెన్సిలుతోనే గీశాను. సిరాతో గీస్తే తప్పు దిద్దమని చెప్పడానికి ఎదుటివారు మొగమాటపడతారు. ఇది చిన్న విషయమే, కాని పెన్సిలు చేతికిస్తే వారే వచ్చి చెరిపి గీస్తారు.

దారి ఇలా ఉన్నది. భక్తుడు కౌంటరు దగ్గర గోత్రం, పేరు, మాసం, తిథి చెబుతాడు. గుమాస్తా రసీదు వ్రాస్తాడు. రసీదు ప్రతి సాయంకాలానికి కార్యాలయానికి చేరుతుంది. అక్కడ శాశ్వత అన్నదాన రిజిస్టరులో ఎక్కుతుంది. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే రిజిస్టరులోని తిథులన్నింటినీ ఇంగ్లీషు తేదీలలోకి మార్చి సంవత్సరపు జాబితా తయారుచేస్తారు. దాని నుండి నెలవారీ జాబితా వ్రాసి వంటశాలకు, ఉగ్రాణానికి ఇస్తారు. ముందునాటి సాయంత్రం అందులో నుండి ఒక చీటీ వ్రాసి అర్చకస్వామికి పంపుతారు. ఒక తల్లి పేరు రసీదులో, రిజిస్టరులో, సంవత్సరపు జాబితాలో, నెల జాబితాలో, చీటీలో కలిపి ఐదుమార్లు చేతితో వ్రాయబడుతున్నది. పటం గీసేవరకు ఈ సంఖ్య ఆలయంలో ఎవరికీ తెలియదు. చతురస్రాలు, అంటే సరిచూసే చోట్లు, ఎన్ని ఉన్నాయని వెతికితే ఒక్కటీ లేదు.

అంతవరకు కథ కుర్రవాడికి అనుకూలంగా లేదు. ఐదు చోట్ల ఎక్కడో అతడు పొరబడ్డాడని అనుకోవచ్చును. అసలు సంగతి రసీదు, రిజిస్టరు పక్కపక్కన పెట్టినప్పుడు బయటపడింది. రసీదుమీద ‘ఆడి మాసం, శుక్ల పంచమి’ అని ఉన్నది. రిజిస్టరులో ఆ పేరు ఆషాఢమాసపు పుటలో ఉన్నది.

మనది సరిహద్దు సీమ. ఊత్తుకోట దాటితే తమిళదేశం. సురుటుపల్లిలో పవళించిన పరమేశ్వరుని, నాగలాపురంలో వేదనారాయణస్వామిని సేవించుకొనడానికి వచ్చేవారిలో సగం మాట తమిళం, సగం మాట తెలుగు. మనకు చాంద్రమానం, వారికి సౌరమానం. మన నెల అమావాస్య మరునాడు మొదలవుతుంది. వారి నెల సూర్యుడు రాశి మారినప్పుడు మొదలవుతుంది. ఆడి అంటే ఆషాఢమని వాడుకలో అనేస్తాము, పేర్లు కూడ దగ్గరగానే వినబడతాయి. రిజిస్టరులో పన్నెండు తెలుగు మాసాలకే పుటలు ఉన్నాయి, ఆడికి పుట లేదు. కనుక ఎన్నో ఏండ్లక్రితం ఎవరో ఆ పేరును ఆషాఢంలో వ్రాశారు. కాని 2025లో ఆడి జూలై 17న మొదలైంది. ఆ ఆడిలో వచ్చిన శుక్ల పంచమి మనకు శ్రావణ శుద్ధ పంచమి, అంటే జూలై 29. ఆషాఢ శుద్ధ పంచమి జూన్ 30నే గడిచిపోయింది. కుర్రవాడు రిజిస్టరులో ఉన్నది ఉన్నట్లు పంచాంగంలో చూసి వ్రాశాడు. అతని లెక్కలో దోషం లేదు.

పోనీ, ఆ పేరును శ్రావణంలోకి మార్చి వ్రాస్తే చాలదా? చాలదు. 2026లో అధిక జ్యేష్ఠం వస్తున్నది. అందువల్ల మన మాసాలు వెనుకకు జరిగి, ఆ సంవత్సరం ఆషాఢ శుద్ధ పంచమియే ఆడి మాసంలో పడుతుంది. శ్రావణ శుద్ధ పంచమి వచ్చేసరికి ఆడి ముగిసిపోయి ఉంటుంది. ఒక ఏడు శ్రావణం, ఒక ఏడు ఆషాఢం. ఇంకొక చిక్కు కూడ ఉన్నది. సౌరమాసం చాంద్రమాసంకంటె కొంచెం పెద్దది కావడంవల్ల ఒక్కొక్కప్పుడు ఒకే సౌరమాసంలో ఒకే తిథి రెండుమార్లు వస్తుంది. అప్పుడు ఏది గ్రహించాలో ఆ కుటుంబపు సంప్రదాయాన్ని అనుసరించి వారి పురోహితులే చెప్పాలి. ఇంత మెలిక ఉన్న విషయాన్ని మనం ఒక్క గడిలో ఇరికించి పెట్టాము.

అయితే ఇన్ని ఏండ్లు ఈ తప్పు ఎందుకు బయటపడలేదు? ఇక్కడే పటంలో ఖాళీ కనబడింది. రిజిస్టరు వృత్తానికీ, సంవత్సరపు జాబితా వృత్తానికీ నడుమ ఏదో ఉండాలి, అది ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు. ఆలయంలో ఇరవై ఏండ్లకు పైగా లెక్కలు వ్రాస్తున్న పెద్ద గుమాస్తాగారు మొదటి మూడు రోజులు పటం దగ్గరకే రాలేదు. తన ఉద్యోగకాలంలోని తప్పులన్నింటినీ గోడమీద అతికిస్తున్నారని ఆయన బాధ. నాలుగవ నాడు నేను కౌంటరు గుమాస్తాతో మాట్లాడుతుంటే వెనుకనుండి విని, మెల్లగా వచ్చి, “ఆ నడుమ ఒక పుస్తకముందయ్యా, మీరు గీయలేదు” అన్నారు. బీరువాలో నుండి ఒక పాత డైరీ తీశారు. తమిళ భక్తుల పేర్లన్నీ అందులో ఉన్నాయి. ఏటా ఆయన సొంత డబ్బుతో తమిళ పంచాంగం కొని, ఒక్కొక్క పేరుకు ఆ సంవత్సరపు తేదీ చూసి, పెన్సిలుతో జాబితా దిద్దుతున్నారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. 2025 ఉగాది సమయంలో ఆయన కంటి ఆపరేషన్ చేయించుకొని సెలవులో ఉన్నారు. ఆ ఏడు జాబితా కుర్రవాడు వ్రాశాడు. డైరీ ఉన్నదని అతనికి తెలియదు.

ఆ డైరీలో ముప్పైనాలుగు పేర్లున్నాయి. ఆ సంవత్సరం జాబితాలో వాటిలో పదకొండు తప్పు తేదీలలో పడ్డాయి. నాలుగు అప్పటికే గడిచిపోయాయి. మిగిలిన ఏడింటిని దిద్దుకొనడానికి వ్యవధి దొరికింది. ఆ నలుగురికీ పెద్ద గుమాస్తాగారే క్షమాపణ కోరుతూ ఉత్తరాలు వ్రాశారు. నేను వ్రాస్తానంటే ఒప్పుకోలేదు.

ఇప్పుడు కంప్యూటరు సంగతి చూడండి. ఆనాడే ప్రోగ్రాము కొని ఉంటే రిజిస్టరును చూసి పేర్లన్నీ ఎక్కించేవారు. ఆడి మాసపు పేర్లన్నీ ఆషాఢంలోకి వెళ్ళేవి. బీరువాలోని డైరీని ఎవరూ ఎక్కించేవారు కారు, అది ఉన్నదనే తెలియదు కదా. యంత్రం ప్రతి సంవత్సరం ఆ తప్పును పొరపాటు లేకుండా చేసేది. చేతివ్రాత తప్పును మనుషులు అనుమానిస్తారు. అచ్చు వేసి వచ్చిన చీటీని అనుమానించరు. మైకేల్ హామర్ అనే అమెరికా ఆచార్యుడు 1990లో ఒక వ్యాసంలో దాదాపు ఇదే మందలింపు చేశాడు. పాత పనితీరును అలాగే కంప్యూటరులోకి ఎక్కించి సంతోషపడవద్దని, ముందు అసలు ఆ తీరే అవసరమా అని ప్రశ్నించుకొమ్మని ఆయన వాదన. ఆయన పాతదంతా తుడిచిపెట్టమనేంత దూరం వెళ్ళాడు. అంతవరకు నేను ఒప్పుకోను. తుడిచిపెట్టే ముందు ఆ పాత తీరులో ఎవరి డైరీ దాగి ఉన్నదో చూడాలి.

పటాన్ని ఎక్కడ మొదలుపెట్టాలన్నది మరొక ముఖ్యమైన ప్రశ్న. మనకు మన ద్వారం దగ్గర మొదలుపెట్టే అలవాటు. భక్తుని యాత్ర అక్కడ మొదలుకాదు. 2025 జనవరి 8వ తేదీ రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఘటనకు కారణాలను నిర్ణయించడం నా పని కాదు. ఆ కుటుంబాల దుఃఖాన్ని ఉదాహరణగా వాడుకోవడానికి కూడ మనస్సు వెనుకాడుతుంది. కాని పెద్ద పండుగకు ఏర్పాట్లు చేసే ప్రతి ఆలయంవారు ఒక్క విషయం గమనించాలి. టోకెన్ ఇవ్వడంవల్ల కొండమీద నిలబడే సమయం తగ్గుతుంది, అది నిశ్చయంగా మేలే. అయితే వేచి ఉండడం ఉన్నపాటున మాయం కాదు, కొంత టోకెన్ ఇచ్చే చోటికి మారుతుంది. మహాద్వారం దగ్గర మొదలైన పటంలో ఆ చోటు కనబడదు. భక్తుడు బస్సు దిగిన చోటునుండి గీస్తే కనబడుతుంది.

వేచి ఉండడానికి ఒక సులభమైన లెక్క ఉన్నది. జాన్ లిటిల్ అనే శాస్త్రజ్ఞుడు 1961లో దానిని నిరూపించాడు. వరుస నిలకడగా సాగుతున్నప్పుడు, అందులోని జనాన్ని నిమిషానికి లోపలికి వెళ్ళేవారి సంఖ్యతో భాగిస్తే సగటున ఒక్కొక్కరు వేచి ఉండే నిమిషాలు వస్తాయి. మా భోజనశాలలో నలభై నిమిషాలకు ఒక పంక్తి, పంక్తికి నూట ఇరవైమంది. అంటే నిమిషానికి ముగ్గురు. బయట నూట ఎనభైమంది ఉంటే గంటసేపు నిలబడాలి. క్యూలైనుకు కొత్త ఇనుపకమ్ములు వేసినా, పైన రేకులు కప్పినా ఆ గంట తగ్గదు; పంక్తి లేచిన తరువాత ఆకులు తీసి, తుడిచి, మరల వడ్డన మొదలుపెట్టడానికి పట్టే సమయం తగ్గితేనే తగ్గుతుంది. నీడ వద్దని నేననడం లేదు. ఎండలో నిలబడిన ముసలివారికి నీడ కావాలి. ఏ ఖర్చు దేనికి పనికివస్తుందో తెలిసి పెట్టాలి, అంతే.

పటం గీయదలచిన ఆలయాలవారికి అనుభవంమీద రెండు మూడు మాటలు చెప్పగలను. మొదట ఒక్క పనినే తీసుకోండి. ఆలయమంతా ఒకేసారి గీయబోతే ఉత్సవం వస్తుంది, పటం మూలపడుతుంది. ఎవరినీ పేరుపెట్టి గీయవద్దు. ‘గుమాస్తా’, ‘అర్చకులు’ అని వ్రాస్తే మనుషులు దగ్గరకు వస్తారు, పేర్లు వ్రాస్తే రారు. పని చేసేవారిని “ఎప్పుడైనా తేడా వస్తే ఏం చేస్తారు?” అని అడగండి. “ఎలా చేస్తారు?” అని అడిగితే నియమం చెబుతారు, ఈ ప్రశ్నకు మాత్రం డైరీలు బయటకు వస్తాయి. ముగ్గు వేసేటప్పుడు చుక్కలన్నీ పెట్టకుండా గీత లాగితే ఎక్కడో ఒకచోట ముడిపడదు. పటంలోనూ ఒక చుక్క తప్పితే గీత కలవదు, ఆ కలవనిచోటే నిలబడి వెతకాలి.

మా ఆలయంలో తరువాత జరిగిన మార్పులు పెద్దవేమీ కావు. రసీదులో ‘చాంద్రమానం’, ‘సౌరమానం’ అని రెండు గడులు చేర్చారు. భక్తుడు చూసి గుర్తు పెడతాడు. రిజిస్టరులో తమిళ మాసాలకు వేరుగా పన్నెండు పుటలు పెట్టారు. తమిళ పంచాంగం ఇప్పుడు ఆలయ ఖర్చుతో వస్తున్నది. సంవత్సరపు జాబితా తయారైన తరువాత ప్రతి కుటుంబానికీ తేదీ తెలుపుతూ కార్డు వెళ్తుంది. తప్పు ఉంటే వారే చెబుతారు. పటంలో మొదటి చతురస్రం అదే. నెల జాబితాను తీసివేసి, సంవత్సరపు జాబితా ప్రతినే వంటశాలకు ఇస్తున్నారు కనుక పేరు వ్రాయడం ఐదు నుండి నాలుగుకు దిగింది. ప్రోగ్రాము కూడ కొన్నారు, ఆరు నెలల తరువాత. ఏమేమి కావాలో చెప్పడానికి మా దగ్గర పటం ఉండడంవల్ల దాత ఇస్తానన్న మొత్తంలో సగానికే పని జరిగింది.

కుర్రవాడు ఉద్యోగంలోనే ఉన్నాడు. సాయంకాలాలలో పెద్ద గుమాస్తాగారు అతనిని పక్కన కూర్చోబెట్టుకొని, “చూడు నాయనా, సంక్రమణం ఎప్పుడో ముందు చూడాల” అంటూ డైరీలోని ఒక్కొక్క పేరు అప్పగిస్తున్నారు. గోధుమరంగు కాగితం కార్యాలయం తలుపు వెనుక ఇంకా వేలాడుతున్నది. ఈమధ్య వెళ్ళినప్పుడు చూస్తే, భోజనశాల బాణం పక్కన ఎవరో పెన్సిలుతో కొత్తగా ఒక ‘డి’ గీసి, కింద ‘మోకాళ్ళ నొప్పివాళ్ళకు ఇక్కడ బల్ల వేయాల’ అని వ్రాశారు. ఎవరు వ్రాశారని అడిగితే వడ్డన చేసే ఆమె నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.